కయత్తార్‌కు గాలిమర ఎక్కడి నుంచి వచ్చింది?



కయత్తార్ పేరు చెప్పగానే మన పెద్దలకు గుర్తొచ్చేది ఒక్కటే. 1799 అక్టోబర్ 16న పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను కంపెనీవాళ్ళు ఉరితీసిన చోటు అది. ఇప్పటి పిల్లల్ని అడిగితే మాత్రం గాలిమరలుండే ఊరు అంటారు. కోవిల్‌పట్టి వదిలి, కి.రాజనారాయణన్ గారి ఇడైసేవల్ దాటి తిరునెల్వేలి వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా తెల్లటి రెక్కలు తిరుగుతూ కనబడతాయి. వాటి కింద ఉన్నవి మనవాళ్ళు తరతరాలుగా మినుము, పత్తి, జొన్న వేసుకున్న నల్లరేగడి చేలు.

అక్కడ గాలి ఎక్కువ కాబట్టి పెట్టారని అందరూ అంటారు. అది సగం మాట. కట్టబొమ్మన్ కాలంలోనూ ఆ గాలే వీచింది. మన ముత్తాతలు ఆ గాలికే ధాన్యం తూర్పారబట్టుకున్నారు. అన్నేళ్ళు ఊరికే పోయిన గాలి ఈ నలభై ఏళ్ళలోనే కరెంటు ఎందుకైందో తెలియాలంటే గాలిని చూస్తే చాలదు. పన్నుల లెక్క చూడాలి, చట్టం చూడాలి, యూనిట్‌కు ధర రాసిన కాగితం చూడాలి. ఆ కాగితం మొదట మన దేశంలో రాసింది కాదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. కోవిల్‌పట్టి, విళాత్తికుళం వైపున్న మన సభ్యులు కొందరి దగ్గరకు సోలారు కోసం భూమి అడుగుతూ మధ్యవర్తులు వస్తున్నారు. అమ్మేసి పిల్లల చదువుకు పెట్టుకుందామని కొందరు, ఇవ్వనే వద్దని కొందరు. వాట్సాప్ గ్రూపులో మాటా మాటా పెరుగుతోంది. ఈ వ్యాపారం వేరే దేశాల్లో ఎలా మొదలైందో, లాభం ఎవరి చేతికి వెళ్ళిందో తెలిస్తే మాట్లాడుకోవడం సులువవుతుందని మా ఆలోచన. కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదట డెన్మార్క్. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు ఐరోపాలో గట్టిగా దెబ్బతిన్న దేశాల్లో అదొకటి. అప్పట్లో వాళ్ళు వాడే ఇంధనంలో తొంభై శాతం దాకా బయటి చమురే. ఆదివారాలు కార్లు తిప్పొద్దని ఆంక్షలు పెట్టుకున్నారు. అయితే గాలితో కరెంటు తీయడం వాళ్ళకు కొత్త కాదు. ఆస్కోవ్ అనే ఊళ్ళో పోల్ లా కూర్ అనే బడిపంతులు 1891లోనే గాలిమరతో కరెంటు తీశాడు. 1957లో ఆయన శిష్యుడు యోహానెస్ యూల్ గెడ్సర్‌లో మూడు రెక్కల 200 కిలోవాట్ల యంత్రం నిలబెట్టాడు. అది పదేళ్ళు నడిచింది. చమురు చౌకగా ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, 1967లో ఆపేశారు. యంత్రం ఉంది, గాలి ఉంది, పనితనమూ తెలుసు, అయినా ఆగిపోయింది. చమురు ధర ఆపేసింది, చమురు ధరే మళ్ళీ లేపింది.

1973 తర్వాత అక్కడ ముందు కదిలింది ప్రభుత్వం కాదు. క్రిస్టియన్ రీసాగర్ అనే వడ్రంగి ఇంటి దగ్గర చిన్న గాలిమర చేసుకుని కరెంటు లైనుకు తగిలించాడు. ట్వింద్ అనే చోట పంతుళ్ళు, విద్యార్థులు, వచ్చిపోయే జనం కలిసి 1978లో పెద్ద గాలిమరను తమ చేతులతోనే కట్టారు. వ్యవసాయ పనిముట్లు చేసే కమ్మరి కుటుంబం కంపెనీ వెస్టాస్ 1979లో గాలిమరల్లోకి దిగింది. అదే ఏడు ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. గాలిమర పెట్టేవాడికి ఖర్చులో 30 శాతం ఇస్తామంది, కానీ రీసో పరిశోధన కేంద్రం పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన యంత్రానికే ఇస్తామంది. నాసిరకం అక్కడే ఆగిపోయింది. సబ్సిడీని ఏటికేడు తగ్గించుకుంటూ వచ్చి 1989లో ఎత్తేశారు. అప్పటికి యంత్రం తన కాళ్ళ మీద నిలబడింది.

రెండో నియమం మన విషయానికి ఇంకా దగ్గర. గాలిమర సంఘంలో వాటా కొనాలంటే ఆ చుట్టుపక్కల కాపురం ఉండాలి. ఒక ఇంటివాళ్ళు ఇంతకు మించి వాటాలు కొనకూడదని హద్దు కూడా పెట్టారు. కరెంటు కంపెనీలు ఆ కరెంటు కొనక తప్పదు. జనం కట్టే ధరలో 85 శాతం ఇవ్వాలని 1992లో చట్టంలోనే రాశారు. ఊళ్ళోవాళ్ళు చేతిలో ఉన్నంత వేసుకుని ఒక గాలిమర కొనేవాళ్ళు, ఏడాదికోసారి లెక్క చూసుకుని పంచుకునేవాళ్ళు. మన చీటీల పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. 1990లు ముగిసేసరికి లక్షకు పైగా కుటుంబాలకు గాలిమరల్లో వాటా ఉండేది. ఇంటి వెనక రెక్క తిరిగితే చప్పుడని గొణిగే మనిషికి కూడా ఆ చప్పుడులో తన వాటా ఉంది. ఇప్పుడు ఆ దేశం కరెంటులో సగానికి పైగా గాలిదే.

దీనికి భిన్నంగా జరిగింది అమెరికాలోని కాలిఫోర్నియాలో. 1978 చట్టంతో చిన్న ఉత్పత్తిదారుల దగ్గర కరెంటు కొనడం తప్పనిసరి అయింది. దానికి తోడు వాషింగ్టన్ ఒక పన్ను రాయితీ ఇచ్చింది, రాష్ట్రం ఇంకోటి ఇచ్చింది. రాయితీ ఇచ్చింది పెట్టిన డబ్బుకు, తీసిన కరెంటుకు కాదు. దాంతో డాక్టర్లు, లాయర్లు పన్ను తప్పించుకోవడానికి గాలిమరలు కొన్నారు. యంత్రం తిరిగిందా లేదా అనేది వాళ్ళకు రెండో మాట. డెన్మార్క్ యంత్రాలు వేలకొద్దీ ఓడలెక్కాయి. 1985 చివర వాషింగ్టన్ రాయితీ ముగిసింది, మరుసటి ఏడే వెస్టాస్ దివాలా దాకా పోయి మళ్ళీ లేచింది.

ఆ సమయంలోనే డెన్మార్క్ గాలిమర మన వైపు తిరిగింది. 1986లో తమిళనాడు విద్యుత్ బోర్డు తూత్తుకుడి దగ్గర ముల్లక్కాడులో ఒక్కొక్కటి 55 కిలోవాట్లున్న చిన్న గాలిమరలు పెట్టింది. 1990 ప్రాంతంలో డెన్మార్క్ ప్రభుత్వ సహాయంతో కయత్తార్‌లోను, కన్యాకుమారి దారిలో ముప్పందల్‌లోను ఇంకొన్ని లేచాయి. మనవాళ్ళు వాటిని వింతగా చూశారు. అవి నమూనాలు మాత్రమే. అసలు వరద ఆ తర్వాత వచ్చింది, దాన్ని తెచ్చింది ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం.

గాలిమర పెట్టిన కంపెనీ దాని ఖరీదు మొత్తాన్ని మొదటి ఏడాదే తరుగుదల కింద చూపించుకోవచ్చని కేంద్రం అప్పట్లో వీలిచ్చింది. 1990ల నడుమ కంపెనీ పన్ను సర్‌ఛార్జితో కలిపి 46 శాతం. లాభాల్లో ఉన్న కంపెనీ కోటి రూపాయల గాలిమర పెడితే ఆ ఏడాది 46 లక్షల పన్ను కట్టక్కరలేదు. ఇక ఎవరు ఊరుకుంటారు? అందులోనూ యంత్రాన్ని ఆ ఏడాది ఆరు నెలలైనా వాడితేనే పూర్తి తరుగుదల, లేకపోతే సగమే. అందుకే సెప్టెంబరు చివర, మార్చి చివర గాలిమరలు ఎక్కించే హడావిడి పెళ్ళిళ్ళ సీజన్‌ను తలపించేది. 1995-96 నాటికి గాలి కరెంటులో భారత్ ప్రపంచంలో నాలుగో స్థానానికి చేరింది. 1996 బడ్జెట్‌లో లాభమున్న ప్రతి కంపెనీ కనీస పన్ను కట్టి తీరాలన్నారు. ఆ జోరు ఒక్కసారిగా పడిపోయింది. కాలిఫోర్నియా కథే ఇక్కడా జరిగింది. గాలి సరిగ్గా చూడకుండా నిలబెట్టిన యంత్రాలు చాలా ఏళ్ళు దిష్టిబొమ్మల్లా నిలబడ్డాయి.

కోయంబత్తూరు, తిరుప్పూరు మిల్లులవాళ్ళకు మాత్రం దీంట్లో పన్ను ఒక్కటే లాభం కాదు. ఆ మిల్లుల్లో మన కమ్మవారు, నాయుళ్ళు కట్టినవి ఎన్నున్నాయో ఈ గ్రూపులో చెప్పక్కరలేదు. నూలు మిల్లుకు పత్తి తర్వాత పెద్ద ఖర్చు కరెంటే. ముప్పందల్‌లోనో పల్లడంలోనో గాలిమర పెట్టి, ఆ కరెంటును బోర్డు తీగల మీదుగా తన మిల్లుకు తెచ్చుకునే వీలు దొరికింది. గాలి మే నుంచి సెప్టెంబరు దాకానే బాగా వీస్తుంది. అందుకని మిగిలిన యూనిట్లను బోర్డు దగ్గర దాచుకుని తర్వాత వాడుకునే పద్ధతి కూడా ఇచ్చారు. గాదెలో ధాన్యం వేసుకున్నట్టే ఇదీ. 2008 నుంచి ఐదారేళ్ళు తమిళనాడు కరెంటు కోతలతో అల్లాడినప్పుడు చాలా మిల్లులను నిలబెట్టింది ఈ గాదే. దేశంలో గాలి కరెంటుకు తమిళనాడు చాలా ఏళ్ళు మొదటి స్థానంలో ఉందంటే సగం పుణ్యం గాలిది, సగం మిల్లు యజమానుల లెక్కది. ఇందులో మనవాళ్ళ తెలివికి మేం గర్వపడతాం.

కానీ ఇంకో వైపు కూడా మనవాళ్ళే ఉన్నారు. కరిసల్ చేల రైతులు చాలామంది భూమిని ఒకేసారి అమ్మేసుకున్నారు. వానాధారపు భూమి, నాలుగేళ్ళకోసారి పండేది, ఎవరో వచ్చి రొక్కం చేతిలో పెడితే వద్దనేదెవరు? ఆ రొక్కం ఒక పెళ్ళికి, ఒక ఇంటికి సరిపోయింది. గాలిమర ఇప్పటికీ తిరుగుతోంది. డెన్మార్క్ నుంచి మనకు యంత్రం వచ్చింది, రెక్క వచ్చింది. ఊళ్ళోవాళ్ళకే వాటా ఇవ్వాలన్న నియమం మాత్రం ఓడ ఎక్కలేదు.

ఇక సోలారు. ఎండ ఎక్కువున్నది మనకు, సోలారును చౌక చేసింది మాత్రం ఎండ తక్కువున్న జర్మనీ. 1990లో అక్కడి పార్లమెంటు ఒక చిన్న చట్టం చేసింది. గాలి, సూర్యుడి కరెంటును గ్రిడ్ కొనాలి, జనం కట్టే సగటు ధరలో 90 శాతం ఇవ్వాలి అని. 2000 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఇంకా ముందుకు పోయింది. సోలారు యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు, అంటే ఇంటి కరెంటు ధరకు మూడింతలకు పైగా, అదీ 20 ఏళ్ళపాటు మారకుండా. కాకపోతే ఆలస్యంగా పెట్టినవాడికి తక్కువ ధర, ఏటా 5 శాతం తగ్గుతూ పోతుంది. ఇరవై ఏళ్ళ ధర కాగితం మీద ఉంటే ఏ బ్యాంకైనా అప్పిస్తుంది. రైతులు కొట్టాల పైకప్పుల మీద పలకలు వేసుకున్నారు, ఊళ్ళలో సహకార సంఘాలు లేచాయి.

ఈ డబ్బు ఎవరు కట్టారు? ప్రభుత్వ ఖజానా కాదు, కరెంటు వాడే ప్రతి ఇల్లు. 2014లో యూనిట్‌కు 6.24 సెంట్ల అదనపు ఛార్జీ పడేది. ఏడాదికి 3,500 యూనిట్లు వాడే ఇంటికి అది 218 యూరోలు. ఎక్కువ కరెంటు వాడే పెద్ద ఫ్యాక్టరీలకు అందులో చాలా భాగం మినహాయించారు. సొంత కప్పున్నవాడికి ఆదాయం, అద్దె ఇంట్లో ఉన్నవాడికి బిల్లు అని అక్కడా గొడవ జరిగింది. చివరికి 2022 జులైలో ఆ ఛార్జీని సున్నా చేశారు. జర్మనీ జనం ఇరవై ఏళ్ళు ఎక్కువ ధర కట్టినందువల్లే మనకు ఈ రోజు పలక చౌకగా దొరుకుతోంది. ఈ రుణం గురించి మన దేశంలో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

స్పెయిన్ ఇదే పనిని తొందరపడి చేసింది. 2007లో హద్దు లేకుండా మంచి ధర ప్రకటిస్తే, 400 మెగావాట్లు అనుకున్న చోట 2008 ఒక్క ఏడాదిలోనే రెండున్నర వేల మెగావాట్లకు పైగా వచ్చి పడ్డాయి. భరించలేక తర్వాత ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలకే కోత పెట్టింది. అప్పు తెచ్చి పలకలు పెట్టిన మామూలు కుటుంబాలు కూడా అందులో మునిగాయి.

జర్మనీ గిరాకీని అందుకున్నది చైనా. ఆస్ట్రేలియాలో చదువుకుని వచ్చిన షీ జెంగ్‌రోంగ్ 2001లో వూషీ నగరంలో సన్‌టెక్ పెట్టాడు. 2005 డిసెంబరులో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. దాని వెనకే పదుల కంపెనీలు, నగరాలు ఇచ్చిన స్థలాలు, బ్యాంకులు ఇచ్చిన అప్పులు. 2008లో వాట్‌కు 4 డాలర్ల దగ్గరున్న పలక 2012 నాటికి డాలరు లోపుకు వచ్చింది. ఆ పోటీలో జర్మనీ పలకల కంపెనీలు కుప్పకూలాయి, 2013లో సన్‌టెక్ కూడా దివాలా తీసింది. పలక మాత్రం చౌకగానే మిగిలింది.

మన దేశం 2010 జనవరిలో సోలార్ మిషన్ మొదలుపెట్టినప్పుడు కేంద్ర కమిషన్ లెక్కగట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. ఆ ధర ఇచ్చేయకుండా ఎవరు తక్కువకు ఇస్తారో చెప్పండని టెండరు పిలిచారు. మొదటి విడతలోనే ఒకరు 10 రూపాయల 95 పైసలకు దిగారు. 2017 మేలో రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలు, 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1 రూపాయి 99 పైసలు. వాడేవాడికి ఇది మేలే. కానీ ఈ టెండరులో పాల్గొనగలిగేది వందల కోట్లు తేగలిగినవాడు మాత్రమే. డెన్మార్క్ చీటీ సంఘానికీ జర్మనీ రైతు కొట్టానికీ ఈ బల్ల దగ్గర కుర్చీ లేదు. రైతు దగ్గర మిగిలిన బేరం ఒక్కటే, భూమి.

అందుకే పావగడ చూడాలి. కర్ణాటక తుమకూరు జిల్లాలో ఉన్నా దాదాపు చుట్టూ ఆంధ్రే, ఇంట్లో మాట తెలుగే. కర్ణాటకలో బాగా వెనకబడిన తాలూకాల్లో ఒకటి, ఏటా కరువే. అక్కడ తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ళ భూముల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలారు పార్కు కట్టారు. మొదటి 600 మెగావాట్లను 2018 మార్చి 1న ప్రారంభించారు, 2019 చివరికి అంతా పూర్తయింది. భూమిని ఎవరి దగ్గరా కొనలేదు, లాక్కోలేదు. ఎకరానికి ఏటా 21,000 రూపాయల కౌలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ళు. పట్టా రైతు పేరునే ఉంటుంది. రైతుతో ఒప్పందం చేసుకున్నది కూడా ప్రభుత్వ భాగస్వామ్యమున్న పార్కు సంస్థే, వచ్చిపోయే కంపెనీ కాదు. ఇది మన కయత్తార్ అమ్మకాల కన్నా ఎన్నో రెట్లు మెరుగని మేం అనుకుంటున్నాం.

అయినా లెక్క వేసి చూడండి. రెండేళ్ళకు 5 శాతమంటే ఆఖరి రెండేళ్ళలో కౌలు ఎకరానికి సుమారు 39,600. మొదటి దానికి రెండింతలు కూడా కాలేదు. ధరలు ఏటా 5 శాతం పెరిగితే అదే కాలంలో నాలుగింతలకు దగ్గరవుతాయి. అంటే చివరి రోజుల్లో ఆ కౌలు విలువ మొదటి రోజుల్లోదానికి సగమే. ఇంకో సంగతి, కౌలు వచ్చేది పట్టా ఉన్నవాడికి. ఆ చేలల్లో కూలికి పోయినవాళ్ళకు, గొర్రెలు మేపుకున్నవాళ్ళకు ఏ కాగితమూ లేదు. పార్కు కట్టినన్నాళ్ళు పని దొరికింది, కట్టాక పలకలు తుడవడం, గడ్డి కోయడం, కాపలా మిగిలాయి. 13,000 ఎకరాల సేద్యపు కూలీకి అవి సమానం కావు.

కాగితం ఉన్నా మాట నిలబడుతుందా అనేది వేరే ప్రశ్న. 2019లో ఆంధ్ర ప్రభుత్వం పాత గాలి, సోలారు ఒప్పందాల ధరలు ఎక్కువని తిరగదోడబోయింది. కంపెనీలు కోర్టుకు పోయాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ధరే కట్టాలంది. కంపెనీలకు లాయర్లున్నారు, మూడేళ్ళు ఆగగలిగారు. మూడెకరాల రైతుకు మూడేళ్ళు కౌలు ఆగితే ఏమవుతుందో మీకే తెలుసు.

డెన్మార్క్ కూడా పాత చీటీ పద్ధతిలో నిలవలేదు. గాలిమరలు పెద్దవై, కంపెనీలు వచ్చి, ఊళ్ళలో వ్యతిరేకత మొదలైంది. అప్పుడు 2008 చివర్లో ఇంకో చట్టం చేశారు. కొత్త గాలిమర పెట్టే ఎవరైనా కనీసం 20 శాతం వాటాను అసలు ధరకే నాలుగున్నర కిలోమీటర్ల లోపు కాపురమున్నవాళ్ళకు అమ్మజూపాలన్న ఆ నియమం 2020 దాకా ఉండేది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. చట్టం లేని చోట రైతులు ఒక్కొక్కరుగా సంతకం పెడితే ఒక ధర, ఊరంతా కలిసి కూర్చుంటే ఇంకో ధర. పావగడలో ఒకే కౌలు అందరికీ దక్కిందంటే వేల ఎకరాలను ఒకే లెక్కన మాట్లాడబట్టే.

మధ్యవర్తి కాగితం తెచ్చిన సభ్యులు ఈ ఐదు సంగతులు చూడండి. అది అమ్మకమా, కౌలా, లేక కౌలు పేరుతో రాసిన పవర్ ఆఫ్ అటార్నీనా. కౌలు ఏటా ఎంత పెరుగుతుంది, రెండేళ్ళకా ఏటేటా. కంపెనీ చేతులు మారితే కౌలు ఎవరు కట్టాలి. గడువు తీరాక సిమెంటు దిమ్మెలు, ఇనుము తీసి భూమిని ఎవరు శుభ్రం చేసివ్వాలి. మీ భూమిని చూపించి కంపెనీ బ్యాంకులో అప్పు తెచ్చుకునే వీలు అందులో రాసి ఉందా. కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండి అర్థం కాకపోతే సంతకానికి ముందు నకలు సంఘం ఆఫీసుకు తీసుకురండి. మన సభ్యుల్లో వకీళ్ళున్నారు, ఆదివారాలు కూర్చుని చదివి చెప్పడానికి ఒప్పుకున్నారు. ఒకే సర్వే నంబరు పక్కపక్కన ఉన్నవాళ్ళు కలిసి వస్తే ఇంకా మంచిది.